నలగవలసిన ఇనుము

బండి ముక్కు కోసి ఉంది.

పొద్దున్నే షెడ్డు తలుపు పక్కకి జరిపేసరికి అదే కనబడింది. బానెట్ ఊడదీసి గోడకి చేరవేశారు. దాని కింద, ఇంజన్‌కి కుడివైపుగా వెళ్లే దూలాన్ని మూరెడు ముక్క కోసి బయటికి తీసి, కాయని చీల్చినట్టు నిలువునా రెండు చెక్కలు చేశారు. ఆ రెండు చెక్కల మధ్య సిమెంటు నేల మీద నా కూతురు చిజురు కూర్చుని ఉంది. చేతులకి నా తోలు తొడుగులు. వేళ్ల చివర అంగుళం ఖాళీ.

"ఎవరు కొయ్యమన్నారు?" అన్నాను.

"అమ్మకి చిట్లిన ఎముక ఉంది చూడు, అది కొయ్యమంది."

రంపానికి బ్లేడు బిగించే మర వదులుగా ఉంది. వంగి బిగించాను.

"చూశావా" అంది చిజురు. "నీకు ముందు అదే కనబడింది."

నా భార్య కియో ఆసుపత్రి నుంచి వచ్చి అప్పటికి మూడు రోజులు. రొమ్ము మధ్య ఎముక చిట్లింది. దగ్గు వస్తే చెయ్యి గుండె మీద పెట్టుకుని, దగ్గు వెళ్లిపోయేదాకా గోడ కేసి చూస్తుంది. బండికి మాత్రం ఏమీ కాలేదు. వంతెన మలుపులో కియో నడుపుతుండగా ముప్పై వేగంతో రాతిగోడని గుద్దింది. బంపర్ ప్లాస్టిక్ చిట్లింది, ఒక దీపం పగిలింది. అంతే. తాళం ఒక్క తిప్పుకే ఇంజన్ అందుకుంది. నేనే నడుపుకుంటూ ఇంటికి తెచ్చాను.

మా దేశంలో పసుపు నంబరు ప్లేటు చిన్నబండికి గుర్తు. చిన్నబండి అంటే డబ్బా అని వెక్కిరించేవాళ్లు వెక్కిరిస్తారు. ఆ డబ్బాని చూడటానికి లోయలో వాళ్లంతా వచ్చారు. నేను చూపించాను కూడా. తేయాకు తోట గెన్‌పాచి బానెట్ మీద అరచేత్తో చరిచి, "మేస్త్రీ, ఇది బండి కాదు, కోట" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చింది. మూడు రోజులు నచ్చింది.

"ఇలా రా నాన్నా. కూర్చో."

కూర్చోలేదు. నిలబడే చూశాను. బయటి రేకు పల్చన. అది ఫ్యాక్టరీది. లోపల దానికి వీపు ఆనించి నిలబడ్డ దళసరి ఇనుప పట్టీ నేను పెట్టి అతికింది. అంచు పొడుగునా అతుకు, ఎక్కడా ఉబ్బు లేదు, గుంట లేదు.

"నీ అతుకు మీద రెండు బ్లేడ్లు విరిగాయి" అంది.

నా ముఖంలో ఏం కనబడిందో, వెంటనే "మెచ్చుకోలేదు నేను" అంది.

తరువాత తొడుగు తీసి, పల్చటి రేకు మీద వేలు పెట్టింది. అక్కడ అడ్డంగా మూడు సన్నటి నొక్కులున్నాయి. ఫ్యాక్టరీ అచ్చులోనే పడ్డవి. వాటిని నేను సీసంతో పూడ్చి, వెనక పట్టీ పెట్టాను.

"ఇవేమిటనుకున్నావు?"

"ఇనుము మిగుల్చుకోడానికి చేసిన దొంగపని."

"నలగడానికి పెట్టారు నాన్నా. గుద్దినప్పుడు ముందు ఇక్కడ మడత పడాలి, తర్వాత ఇక్కడ, ఆ తర్వాత ఇక్కడ. మడత పడ్డప్పుడల్లా ఇనుము కొంత దెబ్బ తినేస్తుంది. నువ్వు దాన్ని తిననివ్వలేదు. అందుకని అమ్మ తింది."

షెడ్డు రేకుల మీద పొడిగాలి కొడుతోంది. మా వైపు ఫిబ్రవరి అంతా అదే గాలి.

"తోషిరో బండి నలిగింది" అన్నాను.

చిజురు తల వంచుకుంది. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ వాదనలోకి తీసుకురారు. తోషిరో నా తమ్ముడు. అప్పటికింకా చిజురు పుట్టలేదు. ఆ రోజుల్లో చిన్నబండి అంటే నాలుగు చక్రాల మీద ఒక గొడుగు. లారీ తగిలితే వాడి బండి ముందు భాగం రుమాలు మడిచినట్టు సీటు దాకా మడతపడింది. స్టీరింగ్ కడ్డీ వాడి గుండెలోంచి బయటికి తీసింది నేనే. ఆ రోజే అనుకున్నాను, నా షెడ్డులో అతికిన ఇనుము వంగకూడదని. ముప్పై ఎనిమిదేళ్లుగా వంగలేదు.

"బాబాయి బండి మనిషి దగ్గర నలిగింది" అంది చిజురు నెమ్మదిగా. "మనిషి ముందు నలగాలి, మనిషి దగ్గర ఆగాలి. నీ పట్టీ తప్పు కాదు నాన్నా. దాన్ని పెట్టిన చోటు తప్పు. మనిషి చుట్టూ పెట్టాల్సింది మనిషికి ముందు పెట్టావు."

"కంపెనీ మాట" అన్నాను. చిజురు చిన్నబండ్లు చేసే కంపెనీలో, బండ్లని గోడకి గుద్దించి చూసే పని చేస్తుంది.

బయటికి వచ్చేశాను.

*

పొద్దుటి భోజనం దగ్గర ముగ్గురం కూర్చున్నాం. కియో ఎడం చేత్తో తింటోంది. కుడి చెయ్యి ఎత్తితే లాగుతుంది. నేను పులుసు గిన్నె ఆమెకి దగ్గరగా జరిపాను.

"మీ బండి ఎలా ఉందండీ?" అంది కియో.

నేను తలెత్తలేదు.

"లేదు, పరామర్శకి వచ్చినవాళ్లంతా ముందు షెడ్డుకే వెళ్లారు కదా, అందుకని అడిగా. గెన్‌పాచి గారు దానికి నారింజలు కూడా తెచ్చారు. నా మంచం దాకా మూడే వచ్చాయి."

చిజురు నవ్వు ఆపుకోబోయి పొలమారింది. కియో కూడా నవ్వబోయి, చెయ్యి గుండె మీద పెట్టుకుని గోడ కేసి చూసింది. అది చూసి చిజురు నవ్వు ఆగిపోయింది. తినే పుల్లలు కింద పెట్టింది.

"నాన్నా, ఇంకా ఎన్ని బండ్లకి పెట్టావు?"

నేను ముల్లంగి ఊరగాయ ముక్క నములుతున్నాను. చాలాసేపు నమిలాను.

"ఎన్నింటికి?"

"ఇప్పుడు తిరుగుతున్నవి మనదాంతో కలిపి ఆరు" అంది కియో. "ఆయన్నెందుకు అడుగుతావు? పని అయ్యేదాకా కూర్చున్న ప్రతివాడికీ టీ పోసింది నేను. గెన్‌పాచి గారిది, బడి పంతులమ్మది, పుట్టగొడుగుల వాళ్ల అన్నదమ్ములవి రెండు. హత్సుయేది."

హత్సుయే పేరు వినగానే చిజురు నా కేసి చూసింది. హత్సుయే మా లోయలో సోయా పాలు విరిచి మెత్తటి తోఫు దిమ్మలు చేసి అమ్ముతుంది. డబ్బా వ్యానులో రోజూ తెల్లవారుతూనే కనుమ ఎక్కి అవతలి ఊళ్లకి పోతుంది. మనవరాలు అయానేకి ఆరేళ్లు. ఇంట్లో చూసేవాళ్లు లేక పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకుపోతుంది.

"ఆ వ్యానులో మోకాళ్లకీ బంపర్‌కీ మధ్య ఎంత ఉంటుందో తెలుసా నాన్నా? జానెడు."

"అందుకే పెట్టాను."

"అందుకే పెట్టకూడదు." గొంతు పెరిగింది. తల్లి కేసి చూసి తగ్గించుకుంది. "పెద్ద బండికి మనిషి ముందు గజం చోటుంటుంది. మనకి మూర. వ్యానుకి అదీ లేదు. ఆ కాస్త చోట్లోనే దెబ్బంతా అయిపోవాలి. వేలెడు కూడా వృథా పోకూడదు. పెద్దబండ్ల వాళ్లు ఇనుము పోసి చేస్తారు. మనం లెక్క పోసి చేస్తాం. చిన్నబండి చెయ్యడమంటే అదీ. గుద్దిన తర్వాత మేం మొట్టమొదట ఏం చేస్తామో తెలుసా?"

తెలియదు.

"ఒక మనిషి వెళ్లి వట్టి చేత్తో తలుపు లాగాలి. తెరుచుకోవాలి. ఆ మనిషిని నేను. పన్నెండేళ్లుగా తలుపులు లాగుతున్నాను. మొదట్లో రెండు చేతులూ పట్టి, కాలు తన్నిపెట్టి లాగినా వచ్చేవి కావు. లోపల మనిషికి బదులు కూర్చోబెట్టిన బొమ్మ మోకాళ్లు విరిగి ఉండేవి. పోయిన ఏడాది ప్రభుత్వం చిన్నబండి పొడవు ఇంకో బెత్తెడు పెంచుకోవచ్చంది. ఆ బెత్తెడుతో మేమేం చేశామో తెలుసా? తలుపు ఒక్క వేలితో తెరుచుకుంది. ఆ రోజు ఇంటికి ఫోన్ చేశాను. నువ్వే ఎత్తావు. 'ఆఁ' అని అమ్మకిచ్చావు."

కియో నా కేసి చూసింది. నేను గిన్నె కేసి చూశాను.

ఇంత పొడుగు మాట చిజురు నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. మాట్లాడనిచ్చానా అంటే, అదీ లేదు.

*

నాకు మాట మీద నమ్మకం తక్కువ. ఎవరి మాటైనా సరే.

షెడ్డు వెనక తుక్కులో అదే రకం బండి ఒకటి పడి ఉంది. దాని దూలాలు రెండూ కోసి తెచ్చాను. ఒకటి ఉన్నది ఉన్నట్టు వదిలేశాను. రెండోదాని నొక్కులు పూడ్చి, లోపల పట్టీ పెట్టి అతికాను. ఎప్పుడూ అతికినట్టే. ఓడిపోయే పందెమని తెలిసినా కోడికి మేత తగ్గించకూడదు.

పైవాసానికి చైన్ కప్పీ ఉంది. దానికి పాత ఇంజన్ ఒకటి వేలాడదీసి, దాని కింద పట్టీ ఉన్న దూలం నిలువుగా బిగించాను. ఇంజన్ నెత్తిన చెక్కపెట్టె. పెట్టెలో తోఫు దిమ్మ. వంటింట్లోంచి అడక్కుండా తెచ్చాను. పక్కకి తూలకుండా రెండు గొట్టాల మధ్య దారి కట్టి, వాసం దాకా లాగి, కొక్కెం తప్పించాను.

ఖంగుమంది. షెడ్డు రేకులన్నీ పలికాయి. దూలం దగ్గరికి వెళ్లి చూశాను. నిటారుగా ఉంది. కొస కొంచెం చదునైంది. అంతకు మించి ఏమీ లేదు.

పెట్టె మూత తీశాను. తోఫు లేదు. అడుగున తెల్లటి ముద్ద ఉంది.

రెండో దూలం బిగించాను. ఇంకో దిమ్మ తెచ్చాను. వాసం దాకా లాగి వదిలాను. ఈసారి మోత లేదు. బరువైన మనిషి చాప మీద కూలబడ్డట్టు అయింది. దూలం మూడు మడతలు పడింది, చిజురు వేలు పెట్టిన చోటల్లా. పెట్టెలో తోఫు ఒక మూల చిట్లింది. మిగతాదంతా దిమ్మలాగే ఉంది.

తుక్కులోని ఇంకో బండివి రెండు దూలాలు కోసి తెచ్చి, మళ్లీ అలాగే తయారుచేశాను. మళ్లీ అదే. తలుపు దగ్గర కియో నిలబడి ఉంది.

"తోఫు అయిపోయింది" అంది. "గుడ్లున్నాయి. తెమ్మంటారా?"

"వద్దు."

ఆమె నెమ్మదిగా లోపలికి వచ్చి, మడతపడ్డ దూలాన్ని కాలి బొటనవేలితో తాకింది. పట్టీ ఉన్నదాన్ని కూడా తాకింది. ఆమె వెనక్కి తిరిగేటప్పుడు మోచెయ్యి పట్టుకుని గుమ్మం దాటించాను. పెళ్లయినప్పటి నుంచి అలా పట్టుకున్నది అదే మొదటిసారి కావచ్చు.

*

మా వాడలో కబురు చెప్పాలంటే అట్ట తిప్పుతారు. క్లిప్పు ఉన్న అట్టకి కాగితం పెట్టి ఇంటింటికీ పంపుతారు. చదివిన ఇల్లు చదివినట్టు ముద్ర వేసి పక్కింటికి ఇస్తుంది. ఆ వారం అట్టలో చెత్తబండి వచ్చే రోజులు మారాయని ఒక కాగితం, నిప్పు ఆర్పే దళం కవాతు గురించి ఒక కాగితం ఉన్నాయి. మూడోది నేను పెడతానన్నాను.

"నేను రాసిస్తాను" అంది చిజురు. "ఆఫీసులో అచ్చు వేయిస్తా. 'గతంలో జరిపిన కొన్ని మరమ్మతులను మరొకసారి పరిశీలించవలసి ఉన్నందున...'"

"ఎవరికి అర్థమవుతుంది?"

"మర్యాదగా ఉంటుంది నాన్నా."

నేను కలం తీసుకున్నాను. రాయడానికి మధ్యాహ్నం అంతా పట్టింది. అన్నీ పిల్లల అక్షరాలే.

"ఆరు బండ్లకి ముందువైపు దూలంలో ఇనుప పట్టీ పెట్టాను. అది తప్పు. గుద్దితే మనిషికి దెబ్బ తగులుతుంది. మా ఇంటిదానికి తగిలింది. బండి తీసుకురండి. కోసి మళ్లీ చేస్తాను. సకుజో."

చిజురు చదివింది. మళ్లీ చదివింది.

"తప్పు అన్న మాట అవసరమా? 'మార్పు' అందాం. నలభై ఏళ్ల షెడ్డు నాన్నా. పేరు పోతుంది."

నిన్న నన్ను కోసిన పిల్ల, ఇవాళ నాకు గుడ్డ కప్పడానికి వచ్చింది.

"ఆ మాట తీస్తే కాగితంలో ఇంకేం లేదు" అన్నాను.

అట్ట వెళ్లింది. మరునాడు మొట్టమొదట గెన్‌పాచి వచ్చాడు. బండి దిగి, తాళం నా చేతిలో పెట్టి, "కోటలో కాపురం బావుందనుకున్నా మేస్త్రీ. కూలగొట్టెయ్" అన్నాడు. పంతులమ్మ నా అక్షరాల కేసి చూసి, దీర్ఘాలు రెండు తప్పులున్నాయంది. పుట్టగొడుగుల అన్నదమ్ములు ఏమీ అనలేదు. వాళ్లు నాకంటే తక్కువ మాట్లాడతారు.

నేను నా బండితో మొదలుపెట్టాను. కొత్త దూలాలు తెప్పించాను. ఫ్యాక్టరీలో ఎక్కడ చుక్క అతుకు ఉంటే అక్కడే, అన్నే. ఎక్కువ వేయకూడదు. చెయ్యి ఊరుకోదు. నలభై ఏళ్లు నలుగురు మెచ్చుకునేలా ఎక్కువ చేసిన చెయ్యి. చిజురు సెలవు పెట్టి పక్కనే కూర్చుంది. నేను ఇంకో చుక్క వేయబోతే, "చాలు" అనేది. అంతే. మా ఇద్దరి మధ్య ఆ నాలుగు రోజులు దాదాపు ఆ ఒక్క మాటే.

తీసేసిన పట్టీని చేత్తో పట్టుకుని, "ఇది తలుపు కింద గడపలో పెట్టనా?" అని అడిగాను. నేను చిజురుని సలహా అడగడం అదే మొదలు.

గడప లోపల చెయ్యి పెట్టి తడిమి చూసింది.

"పెట్టు" అంది. "అక్కడ ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది."

ఆ పని నా జీవితంలో నేను చేసిన పనుల్లోకెల్లా మంచి పని. ఎవరైనా కాదంటే ఒప్పుకోను. బానెట్ మూశాక చిజురు చుట్టూ తిరిగి చూసింది. తలుపు తెరిచి మూసింది. మళ్లీ తెరిచింది.

"మా దగ్గర ఇలా అతికేవాళ్లు లేరు" అంది.

ఈసారి మెచ్చుకోలేదని అనలేదు.

*

ఆదివారం ఎండ వాలుతుండగా హత్సుయే వచ్చింది. వ్యాను వీధిలో ఆపింది. అయానే దిగకుండా కిటికీలోంచి చూస్తోంది. హత్సుయే అట్ట చంకలో పెట్టుకుని లోపలికి వచ్చింది. కియో అప్పుడే టీ తెచ్చి పీట మీద కూర్చుంది.

"ఎలా ఉంది వదినా?"

"దగ్గనంతసేపూ బాగానే ఉన్నాను."

హత్సుయే అట్ట నా ముందు పెట్టింది. పదకొండు ఇళ్ల ముద్రలూ ఉన్నాయి. తనదొక్కటే లేదు.

"ముద్ర వెయ్యలేదేం?" అన్నాను.

"వేస్తే చదివి ఒప్పుకున్నట్టు. చదివాను. ఒప్పుకోలేదు."

చిజురు ఏదో అనబోయింది. హత్సుయే చెయ్యి అడ్డం పెట్టింది.

"మేస్త్రీతో మాట్లాడుతున్నా తల్లీ, ఉండు. మేస్త్రీ, మా ఆయన కనుమలో దుంగల లారీ కింద పోయాడు. నలభై తొమ్మిదో రోజు కార్యానికి మీరు మా ఇంటికి వచ్చారు. అందరి ముందూ ఏమన్నారు?"

నాకు గుర్తుంది.

"'బండి ఇవ్వు, దాంట్లో వంగని ఇనుము పెడతా, నిశ్చింతగా కొండెక్కు' అన్నారు. మీరు ఏడాదికి పది మాటలు మాట్లాడతారు. అందులో అన్ని మాటలు నాకిచ్చారు. ఆ మాట మీద రెండేళ్లు కొండెక్కాను. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కాను. మంచులో ఎక్కాను. ఇప్పుడు వంగాలంటున్నారు. ఏ మాట నమ్మమంటారు?"

"ఇప్పటిది" అన్నాను.

"అప్పుడు అదీ ఇప్పటిదే."

నేను అట్టని నా వైపు తిప్పుకున్నాను.

"అత్తా, నాన్న మాట వద్దు, నా మాట వద్దు" అంది చిజురు. "కళ్లతో చూడు. రెండు దూలాలు బరువు కట్టి పైనుంచి వదిలాడు నాన్న. పట్టీ ఉన్నదాని మీద తోఫు ముద్దయింది. లేనిదాని మీద తోఫు నిలబడింది. నీ తోఫే."

"నేను తోఫు అమ్ముతాను తల్లీ. తోఫుని కాను."

కియో టీ గిన్నె వెనక ముఖం దాచుకుంది.

"సరే. మేం రోజూ బండ్లు గోడకి గుద్దించి చూస్తాం. పన్నెండేళ్లలో నాలుగు వందల బండ్లు చూశాను నేను. లెక్కలున్నాయి, బొమ్మలున్నాయి..."

"కొత్తవా, అతికినవా?"

చిజురు ఆగింది.

"మీ కంపెనీ కొత్త బండ్లు గుద్దించావు. మీ నాన్న కోసి, మళ్లీ అతికిన బండి ఒక్కటైనా గుద్దించావా?"

"లేదు."

"అతికినది కొత్తదానిలాగే మడత పడుతుందని ఎలా తెలుసు?"

చిజురు జవాబు కోసం నా బండి కేసి చూసింది. తరువాత నా కేసి చూసింది. నాలుగు వందల బండ్లు చూసిన పిల్ల, నాలుగు ఊళ్లలో తోఫు అమ్మే మనిషి ముందు తల దించింది.

"తెలియదు" అంది. "అనుకుంటున్నాను."

"మీ నాన్నా అప్పుడు అనుకునే పెట్టాడు."

వీధిలో అయానే వ్యాను అద్దం మీద ఊదుతూ, వేలితో ఏదో గీస్తోంది.

"నా మాట ఇది మేస్త్రీ" అంది హత్సుయే. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది. "ఒక బండి గుద్దించండి. నేను ఎదురుగా నిలబడి చూస్తా. ఆ తర్వాత నా వ్యాను మీ ఇష్టం. అంతదాకా రోజూ నేనూ, పిల్లా దాంట్లోనే కొండెక్కుతాం. నాకు వేరే బతుకు లేదు."

"ఏ బండి?" అన్నాను, తెలిసే.

ఆమె గడ్డంతో నా బండిని చూపించింది. నాలుగు రోజుల పని. ఇంకా రంగు వాసన పోలేదు.

నేను బండి దగ్గరికి వెళ్లి బానెట్ మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. అలాంటి పని నా చేత మళ్లీ అవుతుందో లేదో తెలియదు. దాచుకోవలసిన పని. దాచుకుంటే ఆ వ్యాను రేపు పట్టీతోనే కనుమ ఎక్కుతుంది.

"గుద్దిద్దాం" అన్నాను.

"మా కంపెనీ గోడ దగ్గరికి బయటి బండి రానివ్వరు నాన్నా" అంది చిజురు. "కాగితాలు పెట్టినా ఆరు నెలలు."

"గోడ మనమే కడదాం. ఏటి ఒడ్డున వాలు ఉంది. గెన్‌పాచి దగ్గర సిమెంటు దిమ్మలున్నాయి. ఇవాళే మోయిస్తాను."

"సీట్లో?" అంది హత్సుయే.

"ఇసక బస్తా పెడతాం."

"బస్తాకి ఎముకలుంటాయా తల్లీ?"

కంపెనీలో గుద్దించే మనిషి బొమ్మని తేవడం చిజురు చేతిలో పని కాదు. అది మా ఇల్లంత ఖరీదు.

టీ చల్లారిపోయింది. నలుగురం ఆ ఖాళీ సీటు కేసే చూస్తున్నాం. ఆరు బండ్లలో పట్టీ పెట్టిన మనిషి ఎవరో నలుగురికీ తెలుసు.

"నేను కూర్చుంటాను" అన్నాను.

కియో గిన్నె పీట మీద పెట్టింది. పెట్టిన చప్పుడు కూడా రాలేదు. చిజురు ముఖం పాలిపోయింది.

"పిచ్చెక్కిందా నాన్నా? నీకు అరవై ఎనిమిది. అతుకు మీద అంత గర్వమా?"

"అతుకు నాది" అన్నాను. "మడతలు నువ్వు చెప్పినవి. గర్వం రెండింటి మీదా ఉంది."

అది విన్నాక తను కోపంగా ఏదో అనబోయింది. కళ్లు మాత్రం నిండాయి. పోయిన ఏడాది ఫోనులో నేను అనవలసిన మాట అదేనని అప్పుడు తెలిసింది నాకు.

హత్సుయే సంచిలోంచి ముద్ర తీసి చేతిలో పట్టుకుంది. వెయ్యలేదు, లోపల పెట్టుకోనూ లేదు.

"వాలు మీంచి బండిని వదిలేదెవరు మేస్త్రీ?" అంది.

ఎంత ఎత్తు నుంచి వదిలితే ఎంత వేగం వస్తుందో ఈ లోయలో ఒక్క మనిషికే తెలుసు. నేను ఆ పేరు చెప్పలేదు. కియో చెప్పలేదు. అందరం చిజురు కేసి చూశాం.

చిజురు పన్నెండేళ్లుగా తలుపులు లాగిన తన రెండు చేతులూ ముందుకి చాపి, వాటిని మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంది.